స్కాన్‌లో క్యాన్సర్‌లా కనిపించేదంతా క్యాన్సర్ కాదు.. తేల్చేది సూది పరీక్షే

భీమడోలు: రొమ్ములో గడ్డ తగిలిందని ఏలూరు వెళ్లి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేయించుకుంటే చేతికి ఒక కవరు వస్తుంది. లోపలి కాగితం చివర 'బైరాడ్స్ 4' అనో, 'బైరాడ్స్ 5' అనో రాసి ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఆ మాటను ఫోన్‌లో కొట్టి చూస్తారు. 'క్యాన్సర్ అనుమానం' అని కనబడుతుంది. బస్సు భీమడోలు చేరేలోపే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లిపోతాయి. ఆ రాత్రి నుంచే ఇంట్లో రెండు రకాల సలహాలు మొదలవుతాయి. ఒకరు 'ఆలస్యం ఎందుకు, రొమ్ము తీయించేద్దాం' అంటారు. ఇంకొకరు 'సూది, కత్తి తగిలితే పాకిపోతుంది, ఏదైనా ఆకుమందు కట్టు కట్టి చూద్దాం' అంటారు.

రెండు సలహాలకూ మూలం ఒకటే. స్కాన్ చెప్పిన మాటనే చివరి తీర్పు అనుకోవడం. నిజానికి స్కాన్ అనుమానం మాత్రమే చెబుతుంది. క్యాన్సర్ కాని కొన్ని అరుదైన గడ్డలు మామోగ్రామ్‌లో, అల్ట్రాసౌండ్‌లో, చివరికి ఎంఆర్ఐలో కూడా అచ్చం క్యాన్సర్ లాగే కనిపిస్తాయి. అనుభవం ఉన్న డాక్టర్లు కూడా ఫొటో చూసి వాటిని విడదీయలేరు. గడ్డలోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. దాన్నే బయాప్సీ అంటారు.

ఇది తెలియక రెండు వైపులా నష్టం జరుగుతుంది. క్యాన్సర్ లేని మనిషికి పెద్ద ఆపరేషన్ జరగొచ్చు. క్యాన్సర్ ఉన్న మనిషి 'అది మామూలు గడ్డేలే' అని నెలలు గడిపేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా సుమారు 1 లక్ష 92 వేల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 98 వేల మందికి పైగా చనిపోయారు. కాబట్టి 'క్యాన్సర్ కాని గడ్డలు కూడా ఉంటాయి' అన్న మాట పరీక్ష మానేయడానికి సాకు కాకూడదు. పరీక్ష పూర్తిగా చేయించుకోవడానికి అది ధైర్యం ఇవ్వాలి.

స్కాన్ ఏం చూస్తుంది?

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య కొద్దిసేపు నొక్కి, పై నుంచి ఒకటి, పక్కగా ఏటవాలుగా ఒకటి ఫొటో తీస్తారు. కొవ్వు నల్లగా, పాల గ్రంథులు, పీచు కండ తెల్లగా పడతాయి. క్యాన్సర్ కూడా తెల్లగానే పడుతుంది. వయసులో ఉన్నవాళ్లకు రొమ్ములో గ్రంథులు ఎక్కువ కాబట్టి ఫొటో అంతా తెల్లగా ఉండి గడ్డ అందులో కలిసిపోతుంది. అందుకే 30 ఏళ్ల లోపు వాళ్లకు సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. 40 దాటినవాళ్లకు మామోగ్రామ్, దానితోపాటు అవసరమైతే అల్ట్రాసౌండ్ చేస్తారు.

అల్ట్రాసౌండ్ శబ్ద తరంగాలతో పనిచేస్తుంది, ఇందులో రేడియేషన్ ఉండదు. నీటి గడ్డా, గట్టి గడ్డా అనేది ఇది బాగా చెబుతుంది.

డాక్టర్లు అనుమానించే గుర్తులు కొన్ని ఉన్నాయి. గడ్డ అంచు నున్నగా లేకుండా ముళ్లు ముళ్లుగా ఉండటం, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా ఉండటం, అల్ట్రాసౌండ్‌లో గడ్డ వెనక నల్లటి నీడ పడటం, పైన చర్మం లోపలికి లాక్కుపోవడం. ఇవన్నీ క్యాన్సర్‌లో తరచుగా కనిపించేవే.

అయితే ఈ ముళ్లు ఎక్కడివి? క్యాన్సర్ కణాలు పెరిగేచోట చుట్టూ ఉన్న కండ పీచులా గట్టిపడి బిగుసుకుంటుంది. ఆ పీచు చుట్టుపక్కల కండను తనవైపు లాక్కుంటుంది. ఫొటోలో ముళ్లలా కనిపించేది ఎక్కువగా ఆ లాగుడే. పీచు శబ్దాన్ని మింగేస్తుంది కాబట్టి వెనక నీడ పడుతుంది. అంటే స్కాన్‌కు కనిపించేది క్యాన్సర్ కణం కాదు, దాని చుట్టూ ఏర్పడిన పీచు. అదే పీచు ఇంకో కారణంతో ఏర్పడినా ఫొటో అలాగే వస్తుంది. ఒంటిమీద పాత గాయం మానినచోట చర్మం ముడతపడి బిగుసుకున్నట్టే ఇదీ.

క్యాన్సర్‌లా కనిపించే అరుదైన గడ్డలు

గ్రాన్యులర్ సెల్ ట్యూమర్: నరాల చుట్టూ ఉండే తొడుగు కణాల నుంచి పుట్టే గడ్డ ఇది. రష్యాకు చెందిన పాథాలజిస్టు అబ్రికోసాఫ్ 1926లో దీని గురించి మొదట రాశారు. నాలుక మీద, చర్మంలో ఎక్కువగా వస్తుంది. రొమ్ములో చాలా అరుదు, రొమ్ము కణితులు వెయ్యి చూస్తే సుమారు ఒకటి ఇదవుతుంది. రొమ్ము పైభాగంలో, ఛాతీ మధ్యకు దగ్గరగా ఉండే వైపు తరచుగా కనిపిస్తుంది. రాయిలా గట్టిగా ఉంటుంది, చర్మాన్ని లోపలికి లాగుతుంది, ముళ్ల అంచుతో, వెనక నీడతో పడుతుంది. చూసిన డాక్టరు 'బైరాడ్స్ 5' అని రాసినా తప్పు పట్టలేం. కానీ వీటిలో దాదాపు అన్నీ ప్రమాదం లేనివే. చుట్టూ కొంచెం మంచి కండతో కలిపి గడ్డ ఒక్కటి తీసేస్తే సరిపోతుంది. రొమ్మంతా తీయాల్సిన పని లేదు.

ఫైబ్రోమటోసిస్: దీన్ని డెస్మాయిడ్ ట్యూమర్ అని కూడా అంటారు. రొమ్ము కణితుల్లో వెయ్యికి సుమారు రెండు ఇవి ఉంటాయి. కొందరిలో పాత ఆపరేషన్ జరిగినచోట, దెబ్బ తగిలినచోట వస్తుంది. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు. కానీ ఉన్నచోటే పక్కకు చొచ్చుకుపోతుంది, తీసినా మళ్లీ రావొచ్చు. ఇప్పుడు చాలామందికి వెంటనే ఆపరేషన్ చేయకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండే పద్ధతి కూడా వచ్చింది.

డయాబెటిక్ మాస్టోపతి: చాలా ఏళ్లుగా షుగర్ ఉండి, ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో వచ్చే గట్టి గడ్డ. 1984లో వైద్య పత్రికల్లోకి ఎక్కింది. అల్ట్రాసౌండ్‌లో దీని వెనక నీడ చాలా దట్టంగా పడుతుంది. బయాప్సీలో తేలితే మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు ఎన్నేళ్లుగా ఉందో, ఏ మందు వాడుతున్నారో స్కాన్ చేసే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

రేడియల్ స్కార్: పేరులో 'మచ్చ' ఉన్నా గాయం వల్ల వచ్చేది కాదు. మామోగ్రామ్‌లో నక్షత్రంలా పొడుగాటి గీతలతో కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు గానీ, కొన్నిసార్లు దీని లోపలో పక్కనో అనుమానించాల్సిన కణాలు దాగి ఉంటాయి. అందుకే చాలాసార్లు తీసేయమని చెబుతారు.

కొవ్వు గడ్డకట్టడం: ఫ్యాట్ నెక్రోసిస్ అంటారు. ఇది పై వాటంత అరుదు కాదు. బైకు మీద నుంచి పడటం, కారు సీటు బెల్టు గట్టిగా నొక్కుకోవడం, చెరువు గట్టు మీద జారి పడటం లాంటి దెబ్బ తర్వాత లోపలి కొవ్వు దెబ్బతిని గట్టిపడుతుంది. నెలల తర్వాత గడ్డ తగిలేసరికి ఆ దెబ్బ సంగతే గుర్తుండదు. గుర్తుంటే చెప్పాలి.

పాలిచ్చే తల్లులకు వచ్చే వాపు

మన ఇళ్లలో ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. అది కణితి కాదు, వాపు. పేరు గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. 1972లో దీన్ని వేరే జబ్బుగా గుర్తించారు. బిడ్డ పుట్టి, పాలు మాన్పించిన తర్వాత కొన్నేళ్లలోపు ఉన్న యువ తల్లుల్లో ఎక్కువగా వస్తుంది. ఒక రొమ్ములో గట్టి గడ్డ, నొప్పి, ఎర్రదనం, చనుమొన లోపలికి పోవడం, చంకలో బిళ్లలు, కొన్నిసార్లు చీము కారడం ఉంటాయి. స్కాన్‌లో క్యాన్సర్‌లా కనిపిస్తుంది. 'పాలు గడ్డకట్టాయిలే' అని నానీ, ఖాలా వేడినీళ్ల కాపడం పెట్టిస్తూ ఉంటారు. ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఒక కోర్సు అయిపోయి ఇంకో కోర్సు మొదలవుతుంది. గడ్డ మాత్రం తగ్గదు.

ఇదే రూపంలో టీబీ కూడా రావొచ్చు. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి రొమ్ము టీబీని డాక్టర్లు గుర్తుపెట్టుకుంటారు. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్‌కు కొందరికి స్టెరాయిడ్ మందులు ఇస్తారు. కొందరికి మందు లేకుండానే నెలల్లో నెమ్మదిగా తగ్గుతుంది. అదే టీబీ అయితే స్టెరాయిడ్ ఇవ్వడం వల్ల ముదిరిపోవచ్చు. అందుకే ముక్కను, చీమును టీబీ పరీక్షకు కూడా పంపించాలి. క్యాన్సరా, టీబీయా, ఉత్త వాపా అన్నది ఒక్క బయాప్సీతో దారి తేలుతుంది. మూడింటికీ మందు వేరు.

బైరాడ్స్ అంకె అసలు అర్థం

బైరాడ్స్ అనేది అమెరికా రేడియాలజీ కాలేజీ 1993లో తెచ్చిన పద్ధతి. స్కాన్ రిపోర్టులు అందరికీ ఒకే భాషలో అర్థం కావాలని పెట్టింది. ఇది జబ్బు పేరు కాదు, క్యాన్సర్ స్టేజీ అసలే కాదు. 'బైరాడ్స్ 4' అని చూసి 'నాలుగో స్టేజీ' అనుకుని ఏడ్చేసే కుటుంబాలు ఉంటాయి. అంకెల అర్థం ఇది:

0 - ఇంకో ఫొటోనో, పాత ఫిల్ములో కావాలి, ఇప్పుడే చెప్పలేం.
1 - మామూలుగా ఉంది.
2 - క్యాన్సర్ కానిదే.
3 - క్యాన్సర్ అవకాశం 100కి 2 లేదా అంతకంటే తక్కువ. సాధారణంగా 6 నెలలకు మళ్లీ చూస్తారు.
4 - అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలి. ఇందులో 4ఎ అంటే 100కి 2 నుంచి 10 దాకా, 4బి అంటే 10 నుంచి 50 దాకా, 4సి అంటే 50 నుంచి 95 దాకా అవకాశం.
5 - అవకాశం 95 లేదా అంతకంటే ఎక్కువ. అయినా ముక్క తీయాల్సిందే.
6 - బయాప్సీలో క్యాన్సర్ అని ముందే తేలింది.

గమనించండి, 4ఎ వచ్చిన 100 మందిలో 90 మందికి పైగా క్యాన్సర్ ఉండదు. 5 వచ్చినా ఆ పద్ధతే 'ముందు బయాప్సీ' అని చెబుతోంది. ఆ మిగిలిన కొద్దిమందిలోనే గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ లాంటివి ఉంటాయి. 'ఫొటోలో స్పష్టంగా ఉంది, బయాప్సీ ఎందుకు' అని ఎవరన్నా అంటే ఈ మాట గుర్తుచేయాలి.

ఖరీదైన స్కాన్ చేస్తే తేలదా?

చాలా కుటుంబాలు అప్పు చేసైనా ఎంఆర్ఐ చేయిద్దాం, పెట్ స్కాన్ చేయిద్దాం అంటారు. ఎంఆర్ఐ చాలా సున్నితమైనదే. కానీ సున్నితమైనది కాబట్టే వాపు, ఫైబ్రోమటోసిస్ కూడా అందులో వెలిగి కనిపిస్తాయి. పెట్ స్కాన్ చక్కెర ఎక్కువగా వాడుకునే కణాలను చూపిస్తుంది. టీబీ వాపు, గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ కూడా అందులో వెలగొచ్చు. గడ్డ ఎంత మేర పాకిందో చూడటానికి ఇవి పనికొస్తాయి. గడ్డ ఏమిటో తేల్చడానికి బయాప్సీకి బదులు కావు. కాబట్టి చేతిలో డబ్బు కొంచెమే ఉంటే డాక్టరును ముందు అడగాల్సింది బయాప్సీ గురించే.

సూది పరీక్షలో రెండు రకాలు

సన్న సూదితో కొన్ని కణాలు పీల్చేదాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. తొందరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ విడి కణాలే వస్తాయి. పీచు గడ్డల్లోంచి కణాలు సరిగా రావు. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ కణాలను క్యాన్సర్ అనుకునే ప్రమాదం కూడా ఉంది. అరుదైన గడ్డల విషయంలో దీనిమీదే ఆధారపడి పెద్ద నిర్ణయం తీసుకోకూడదు.

రెండోది కోర్ బయాప్సీ. సుమారు 2 మిల్లీమీటర్ల లావుండే బోలు సూదితో గడ్డలోంచి సన్నటి దారంలాంటి ముక్కలు తీస్తారు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారు. స్టేప్లర్ కొట్టినట్టు చప్పుడొస్తుంది. కొన్ని ముక్కలు తీసి, కొంతసేపు గట్టిగా అదిమి పట్టి, పట్టీ వేసి అదేరోజు ఇంటికి పంపేస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ముక్కలను ఫార్మలిన్‌లో వేసి ల్యాబ్‌కు పంపిస్తారు. అనుమానం ఉంటే ప్రత్యేక రంగు పరీక్షలు చేస్తారు. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్‌ను ఎస్-100 అనే పరీక్ష, ఫైబ్రోమటోసిస్‌ను బీటా కెటెనిన్ అనే పరీక్ష పట్టిస్తాయి. అందుకే రిపోర్టుకు కొన్ని రోజులు ఎక్కువ పట్టినా కంగారుపడక్కర్లేదు.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయం మన పల్లెల్లో చాలా బలంగా ఉంది. ఆ భయంతో పరీక్ష మానుకోవడానికి కారణం లేదు. ప్రపంచమంతటా రొమ్ము గడ్డలకు ముందు చేసే పరీక్ష ఇదే. ఆపరేషన్ టేబుల్ ఎక్కకుండానే 'క్యాన్సర్ కాదు' అని చెప్పగలిగేది కూడా ఇదే.

లెక్క కలవాలి

దుకాణం పద్దు, బ్యాంకు పాస్‌బుక్ రెండూ కలిస్తేనే లెక్క సరిపోయిందంటారు. కలవకపోతే మళ్లీ మొదటి నుంచి చూస్తారు. ఇక్కడా అంతే. డాక్టరు చేతికి తగిలింది, స్కాన్‌లో కనిపించింది, బయాప్సీలో తేలింది.. మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. స్కాన్‌లో 'బైరాడ్స్ 5' వచ్చి బయాప్సీలో 'మామూలు కండ' అని వస్తే సంతోషపడి ఇంటికి వెళ్లిపోకూడదు. సూది గడ్డకు తగలకుండా పక్కన తగిలి ఉండొచ్చు. మళ్లీ ముక్క తీయమంటారు, లేదా ఆ గడ్డ ఒక్కటి తీసి చూద్దామంటారు. అదే బయాప్సీలో 'గ్రాన్యులర్ సెల్ ట్యూమర్' అని పేరుతో సహా వస్తే, స్కాన్‌లో ముళ్లు ఎందుకు కనిపించాయో దానితో అర్థమైపోతుంది. అప్పుడు లెక్క కలిసినట్టు.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. కొన్ని క్యాన్సర్లు నున్నటి గుండ్రటి గడ్డలా, మంచి గడ్డ వేషంలో కనిపిస్తాయి. వయసులో ఉన్నవాళ్లకు వచ్చే కొన్ని వేగంగా పెరిగే రకాలు కూడా అలాగే ఉంటాయి. 'నొప్పి లేదు కదా', 'చేతికి జారుతోంది కదా' అని వదిలేయకూడదు. రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో చాలావాటికి మొదట్లో నొప్పే ఉండదు.

పర్దా, రిష్తా, రోజా

మన ఇళ్లలో గడ్డ సంగతి బయటపడటానికే నెలలు పడుతుంది. మగ డాక్టరు ముందు బట్ట తీయాలా అని అమ్మీ సంకోచిస్తుంది. రిష్తా తప్పిపోతుందేమోనని పెళ్లికావలసిన అమ్మాయి గడ్డను దాచేస్తారు. చాలా గడ్డలు క్యాన్సర్ కావు కాబట్టి, దాచడం వల్ల పోయేది పరువు మీద భయం కాదు, విలువైన సమయం.

లేడీ డాక్టరు కావాలని, మామోగ్రామ్‌కు ఆడ టెక్నీషియన్ ఉండాలని ముందే ఫోన్ చేసి అడగొచ్చు. అలా అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. దొరక్కపోతే? 1993లో బ్రూనైలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సమావేశం దీనిమీద స్పష్టంగా చెప్పింది. ముందు ముస్లిం లేడీ డాక్టరు, లేకుంటే నమ్మకమైన వేరే మతం లేడీ డాక్టరు, లేకుంటే ముస్లిం మగ డాక్టరు, ఆయనా లేకుంటే ముస్లిమేతర మగ డాక్టరు. అవసరమైనంత మేరే చూడాలి, భర్తో మహ్రమో నమ్మకమైన స్త్రీయో తోడుండాలి. అంటే లేడీ డాక్టరు లేరన్న కారణంతో వైద్యం ఆగిపోవాలని అందులో లేదు. రంజాన్‌లో బయాప్సీ వస్తే అదే అకాడమీ 1997లో జిద్దాలో ఇచ్చిన తీర్మానం, శరీరం నుంచి ముక్క తీసే పరీక్షను రోజా చెడగొట్టేవాటిలో చేర్చలేదు. ఇంకా సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి, పరీక్షను మాత్రం ఈద్ తర్వాతకు నెట్టకండి. దుఆ చేయండి, చేయించండి. దాంతోపాటే అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి.

ఎక్కడికి వెళ్లాలి?

30 ఏళ్లు దాటిన మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ల స్క్రీనింగ్ జాతీయ కార్యక్రమంలో భాగం. ఊళ్లో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎం‌ను అడిగితే చెబుతారు. 2024 నవంబర్ నుంచి రాష్ట్రంలో ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ కూడా మొదలైంది. ఇంటికొచ్చిన సిస్టర్‌కు గడ్డ సంగతి చెప్పుకోవడమే మొదటి మెట్టు.

భీమడోలు, గుండుగొలను, పూళ్ల, కొల్లేటి వైపు ఊళ్లవాళ్లకు ఏలూరు దగ్గర. అక్కడ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, ప్రైవేటులో ఆశ్రం మెడికల్ కాలేజీ ఉంది. మెడికల్ కాలేజీ ఉన్నచోట సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ముగ్గురూ ఒకేచోట ఉండే అవకాశం ఎక్కువ. అరుదైన గడ్డలకు ఇదే ముఖ్యం. తేలని కేసులకు, రెండో అభిప్రాయానికి విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు ఏ పరీక్షకు, ఏ వైద్యానికి వర్తిస్తుందో ఆసుపత్రిలో వైద్య మిత్రను ముందే అడగాలి.

వెళ్లేరోజు చంకల్లో, రొమ్ము మీద పౌడరు, డియోడరెంట్, పూత మందులు ఉండకూడదు. అందులోని రేణువులు మామోగ్రామ్‌లో చుక్కల్లా పడి లేని అనుమానం తెస్తాయి. మెడలో గొలుసు, తాయెత్తు తీయాల్సి వస్తుంది. నెలసరి మొదలైన వారం తర్వాత వెళ్తే నొప్పి తక్కువ. పాత ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టి తీసుకెళ్లాలి.

డాక్టరు గారిని అడగాల్సిన ప్రశ్నలు

1. నా బైరాడ్స్ అంకె ఎంత? 4 అయితే ఎ, బి, సిలలో ఏది?
2. ఆపరేషన్‌కు ముందు కోర్ బయాప్సీ చేస్తారా? చేయకపోతే ఎందుకు?
3. స్కాన్, బయాప్సీ రిపోర్టులు రెండూ కలిశాయా?
4. టీబీ పరీక్షకు కూడా పంపించారా?
5. క్యాన్సర్ కాదని తేలితే గడ్డ తీయాలా, గమనిస్తే చాలా? మళ్లీ ఎప్పుడు రావాలి?
6. రెండో అభిప్రాయం కోసం స్లైడులు, మైనపు బ్లాకులు ఇస్తారా?

చివరి ప్రశ్న చాలామందికి తెలియదు. తీసిన ముక్కను మైనంలో పెట్టి ల్యాబ్‌లో దాస్తారు. పెద్ద ఆసుపత్రి డాక్టర్లు మళ్లీ సూది గుచ్చకుండానే దాన్ని చూసి చెప్పగలరు. రొమ్మంతా తీయాలని ఎవరైనా చెబితే, సంతకం పెట్టేముందు చేతిలో ఉండాల్సిన కాగితం బయాప్సీ రిపోర్టు. అది లేకుండా సంతకం పెట్టకండి. అది వచ్చి క్యాన్సర్ అని తేలితే ఇక ఒక్కరోజు కూడా వృథా చేయకండి.